గుమాస్తా కబుర్లు: ఏడో గడి

మన సంఘ కుటుంబాల వివరాలతో ఒక పుస్తకం అచ్చువేయించాలని పెద్దలు తీర్మానించిన సంగతి పాఠకులకు తెలిసిందే. యింటింటికీ ఒక కాగితం పంపారు. నిండి వచ్చిన కాగితాలన్నీ సరిచూసి, అకారాది క్రమంలో పేర్చి, శుద్ధప్రతి వ్రాసే పని నా పాలబడింది. పగలల్లా ఆఫీసులో చేసే పనే రాత్రిళ్లు యింట్లో కూడా చేస్తున్నానన్నమాట. "మీకిది కొత్తేమీ కాదుగదా" అన్నారు కార్యదర్శిగారు. నిజమే. చేపపిల్లకు యీత ఒకరు నేర్పాలా?

కాగితంలో గడులు పదకొండు. యజమాని పేరు, యింటిపేరు, పూర్వీకుల వూరు, ఎన్ని తరాలుగా యీ బరంపురంలో వుంటున్నారు, యజమాని వృత్తి, పిల్లల చదువులు, యిలాగన్నమాట. ఏడో గడి "యింట్లోని స్త్రీల వృత్తి". తక్కిన గడులన్నీ జనం ముచ్చటగా నింపారు. ముత్తాతగారు శ్రీకాకుళం వైపునుంచి బండి కట్టుకొని ఎలా వచ్చారో అంచులవెంబడి సన్నని అక్షరాలతో వ్రాసినవారు కూడా వున్నారు. ఏడో గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం ఆగిపోయింది. కొందరు "గృహిణి" అన్నారు. కొందరు అడ్డగీత గీశారు. ఎక్కువమంది "లేదు" అని ఒక్క ముక్క వ్రాసి వూరుకున్నారు.

ఖాళీ గడి గుమాస్తాకు కంట్లో నలుసువంటిది. ఆఫీసులో ఎవరైనా గడి వదిలేసి కాగితం పెడితే తిప్పి పంపిస్తాం. యిక్కడ అలా పంపడానికి మొహమాటపడి, తెలిసినవారి యిళ్లకు నేనే బయలుదేరాను.

మా వీధి చివర టీచరమ్మగారని ఒకావిడ వున్నారు. ఎనభై దాటాయి. బాప్టిస్టు సంఘస్థులు. ఆదివారం తెల్లచీర కట్టుకొని, బైబిలు చంకన పెట్టుకొని, మనమరాలి చేయి పట్టుకొని ప్రార్థనకు వెళుతూ వుంటే మేమంతా లేచి నిలబడతాం. భర్త కంపౌండరు చేస్తూ కాలం చేశారు. ఆవిడ ముప్పయి ఏళ్లకు పైగా చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పారు. నలుగురు బిడ్డలను పెంచారు. అత్తగారి మంచం దగ్గర ఆరేళ్లు సేవ చేశారు. మా వీధిలో నా యీడు వాళ్లకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆవిడే. బడిలో ఒరియా, ఆఫీసులో ఇంగ్లీషు, ఆవిడ అరుగుమీద తెలుగు. యీ నాలుగు ముక్కలు నేను వ్రాయగలుగుతున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్షే. ఆవిడ పెద్దకొడుకు నింపి పంపిన కాగితంలో ఏడో గడి చూస్తే "లేదు" అని వుంది.

"ఏమండీ టీచరమ్మగారూ, మీ గడిలో మీవాడు లేదని వ్రాశాడండీ" అన్నాను.

ఆవిడ బోసినోటితో నవ్వారు. "వాడి తప్పేముంది నాయనా! నాకు పింఛను రాదుగదా, అందుకని లేదనుకున్నాడు. అయినా మా శ్రీరాంపూరు హన్నమ్మగారికే లేని గడి నాకెందుకు?"

"ఎవరండీ ఆ హన్నమ్మగారు?"

"కేరీ దొరగారి పేరు విన్నావుగదా? ఆయన పిల్లలకు తల్లయి నిలిచిన యిల్లాలు. వెళ్లి చదువుకొని రా." చిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పమన్న గొంతే అది. మారు మాట్లాడలేక వచ్చేశాను. అప్పటినుంచీ దొరికిన పుస్తకాలు చదివాను. యీ నెల కబుర్లు ఆ పాఠం అప్పజెప్పడమే.

హన్నా షెపర్డు 1767వ సంవత్సరం మే 13న ఇంగ్లండు దేశపు బ్రిస్టల్ నగరంలో పుట్టింది. చిన్నతనంలోనే తల్లి పోయింది. తాతగారైన జాన్ క్లార్కు క్రాకర్టన్ అనే గ్రామంలో బాప్టిస్టు సంఘానికి కాపరి. బాప్టిస్టులంటే పసిబిడ్డలకు గాక, తన విశ్వాసం తానే చెప్పుకోగల వయస్సు వచ్చినవారికి మాత్రమే నీట ముంచి బాప్తిస్మం యిచ్చే శాఖవారు. ఆ రోజులలో ఇంగ్లండులో ప్రభుత్వం ఆదరించే మతసంస్థ వేరే వుండేది. వీరికి కలిమీ లేదు, పలుకుబడీ లేదు. అందుచేత కష్టపడి బ్రతకడం, పొదుపు, ప్రార్థన వారి యిళ్లలో వుగ్గుపాలతో వచ్చేవి.

1791లో ఆమె జాషువా మార్ష్‌మన్‌ను పెండ్లాడింది. అతడు సాలెవాని కొడుకు. తానూ మగ్గం నేసినవాడే. చదువుమీద మక్కువతో దొరికిన పుస్తకమల్లా చదివి పంతులయినాడు. 1794లో దంపతులు బ్రిస్టల్ చేరి, అక్కడి బాప్టిస్టు సంఘంవారి ధర్మబడిలో కుదిరారు. అయిదేళ్లలో కాపురం నిలదొక్కుకుంది. అలాంటి సమయంలో విలియం కేరీ అనే ఆయన వంగదేశంనుంచి వ్రాసే సంగతులు విని, భర్తకు అక్కడికి వెళ్లాలని బుద్ధిపుట్టింది. కేరీ మొదట చెప్పులు కుట్టి బ్రతికినవాడు; 1793లోనే మన దేశం వచ్చాడు.

యిల్లాలి సంగతి ఆలోచించండి. చేతిలో యిద్దరు పసివాళ్లు. ఆరు నెలల దూరాన వున్న దేశం. అప్పటికే వెళ్లిన కేరీ కుటుంబంలో ఒక బిడ్డ పోయి, తల్లికి మతి చలించింది. అయినా ఆమె బయలుదేరింది. 1799 మే నెలాఖరున పోర్ట్స్‌మత్ రేవులో ఓడ ఎక్కారు. అది అమెరికా ఓడ. ఎందుచేతనంటే, ఈస్టిండియా కంపెనీ మతప్రచారకులను తన ఓడలలో రానిచ్చేది కాదు, తన రాజ్యంలో వుండనిచ్చేది కాదు. అందుచేత వారు కలకత్తాకు పైన హుగ్లీ నది వొడ్డున డెన్మార్కు దేశంవారి పాలనలో వున్న శ్రీరాంపూరులో అక్టోబరు 13న దిగారు. అక్కడి డేనిష్ గవర్నరు కర్నలు బీ వారిని కాపాడాడు. దిగిన మూడు వారాలలోపల, కూడా వచ్చినవారిలో గ్రాంటు అనే యువకుడు జబ్బుచేసి చనిపోయాడు. విధవరాలైన అతని భార్య, పిల్లలు వీరి యింటిలోనే వుండిపోయారు.

1800 జనవరి 10న కేరీ తన సంసారంతో అక్కడికి వచ్చి కలిశాడు. అచ్చుపని తెలిసిన వార్డు మరొకడు. అందరూ ఒకే పెద్ద యింట్లో ఉమ్మడి కాపురం పెట్టారు. పెద్దలూ పిల్లలూ కలిసి యిరవైమందికి దగ్గర. ఒకే వంట, ఒకే బల్ల, ఒకే డబ్బుపెట్టె. ఎవరు ఏమి సంపాదించినా పెట్టెలో పడవలసిందే. ఎవరికి ఎంత అవసరమో అంత తీసుకోవలసిందే. శనివారం సాయంత్రం అందరూ కూర్చొని ఆ వారంలో వచ్చిన మనస్పర్ధలు చెప్పుకొని సమాధానపడాలని నియమం పెట్టుకున్నారు. ఉమ్మడి కుటుంబాలు ఎరిగిన మనకు వేరే చెప్పనక్కరలేదు. నలుగురు కోడళ్లున్న యింట్లో పప్పుగిన్నె దగ్గర వచ్చే మాట యేమిటో మనకు తెలుసు. అలాంటిది వేరువేరు వూళ్లవారు, రక్తసంబంధం లేనివారు ఒక కప్పుకింద వుండాలి. శనివారపు నియమం పెట్టినవారు లోకం తెలిసినవారే.

ఆ తొలి రోజుల దినచర్యను వార్డు ఒకచోట వ్రాసిపెట్టాడు. ఆరింటికి లేవడం, కేరీ తోటలోకి, మార్ష్‌మన్ ఏడింటికి బడికి, తాము అచ్చుయంత్రం దగ్గరికి, ఎనిమిదింటికి గంట, ప్రార్థన, ఫలహారం, తిరిగి పనులు, మూడింటికి భోజనం. మగవారు ఎవరెవరు ఏ గంటకు ఎక్కడ వుండేవారో ఆ వరుస చెబుతుంది. ఆ భోజనం వేళకు ఎవరు సిద్ధం చేయించారో ఆ వరుసలో కనిపించదు. చదువుతూ వుంటే మా ఏడో గడి జ్ఞాపకం వచ్చింది.

ఆ గడిలో వ్రాయవలసినది యిదీ. 1800 మే 1న మార్ష్‌మన్ దంపతులు శ్రీరాంపూరులో రెండు బోర్డింగు బడులు తెరిచారు. ఒకటి మగపిల్లలకు, మరొకటి ఆడపిల్లలకు. ఆడపిల్లల బడి హన్నా చేతిలో వుండేది. కలకత్తాలోనూ చుట్టుప్రక్కలా వున్న ఇంగ్లీషు ఉద్యోగస్తులు, వర్తకులు, ఆంగ్లో-ఇండియను కుటుంబాలవారు తమ పిల్లలను అక్కడికి పంపేవారు. వారు జీతాలు యిచ్చుకోగలవారు. పిల్లలు అక్కడే వుండి చదువుకునేవారు గనుక వాళ్ల తిండి, బట్ట, జ్వరం, జడ, ఏడుపు, ఇంటిదిగులు అన్నీ ఆమె చూసుకోవలసినవే. బడి అంటే పగటిపూట అయిదు గంటల పని కాదు, రాత్రింబవళ్ల పని.

కొద్ది సంవత్సరాలలో ఆ బడులు పేరు పొందాయి. ఏడాదికి సుమారు 1,000 పౌన్లు ఉమ్మడి పెట్టెలో పడేవి. అందులో మార్ష్‌మన్ దంపతులు తమ పెరుగుతున్న సంసారానికి వుంచుకున్నది 34 పౌన్లు. కేరీ 1801లో కలకత్తా ఫోర్టు విలియం కాలేజీలో పండితోద్యోగం సంపాదించాడు. అతడూ తనకు కొద్దిగా వుంచుకొని తక్కినది పెట్టెలో వేసేవాడు. అచ్చుశాల సంపాదనా అంతే. యీ మూడు ధారలతోనే శ్రీరాంపూరు నిలబడింది. కేరీ ఉద్యోగం గురించీ, వార్డు అచ్చుశాల గురించీ చాలా పుస్తకాలున్నాయి. మూడోధార చివర వున్న యిల్లాలి పేరు మాత్రం వెదికి పట్టుకోవాలి.

జీతాలు యిచ్చే బడిలో మిగిలిన డబ్బు జీతాలు యిచ్చుకోలేని పిల్లల బడికి దారి చేసింది. శ్రీరాంపూరు చుట్టుప్రక్కల వంగ బాలురకు ఉచితంగా బడులు పెట్టారు. కొన్నాళ్లకు ఆడపిల్లల బడులకు హన్నా పూనుకొంది. అది అంత తేలిక కాదు. చదువుకున్న ఆడది త్వరగా విధవ అవుతుందనే భయం అప్పటి వంగదేశపు యిళ్లలో గట్టిగా వుండేది. తొమ్మిదేళ్లకే పెండ్లి, ఆ తరువాత గడప దాటడం లేదు. అలాంటి కాలంలో ఒక్కొక్క పిల్లనూ పలకపట్టించడం చెరువులో నీళ్లు చేదతో తోడడంలాంటిది. ఆమె తోడుతూనే వుంది. 1820లో ఇంగ్లండు వెళ్లి 1821లో తిరిగివచ్చిన తరువాత కూడా ఆ పని వదలలేదు.

యిక కేరీ పిల్లల సంగతి. ఫీలిక్సు, విలియం, జేబెజ్, జానతన్ అని నలుగురు కొడుకులు. తల్లి డోరతీ మతి చలించి గదిలోనే వుండేది. ఆ తల్లిని నిందించరాదు. పరాయిదేశంలో కన్నబిడ్డను మట్టిలో పెట్టిన దుఃఖం ఆమెది. తండ్రి తెల్లవారినప్పటినుంచి దీపం ఆరేవరకూ నిఘంటువులలో మునిగివుండేవాడు. పిల్లలను దండించడం అతని స్వభావంలో లేదు. పిల్లలు ఎలా పెరుగుతారో వేరే చెప్పాలా? వాళ్లను దగ్గరికి తీసి, కడిగి, కూర్చోబెట్టి, క్రమంలో పెట్టినవారు హన్నా మార్ష్‌మన్, ఆమె భర్త, వార్డు. ఆ పిల్లలు పెద్దవాళ్లయి తలకొక చోట పనికివచ్చినవారయినారు. ఫీలిక్సు బర్మా వెళ్లాడు. జానతన్ కలకత్తాలో న్యాయవాది అయినాడు. డోరతీ 1807లో కన్నుమూసింది.

మరి ఆమె సొంత బిడ్డలు? పన్నెండుగురు పుట్టారు. 1837లో తండ్రి పోయేనాటికి మిగిలినది అయిదుగురు. యీ రెండు సంఖ్యల మధ్య వున్న తీసివేతను నేను వ్రాయలేను. లెక్క తేలిక, ఏడు. కాని బోర్డింగు పిల్లలు భోజనానికి గంట ఎదురుచూస్తూ వుండగా, ఒక తల్లి తన బిడ్డను స్మశానానికి సాగనంపి వచ్చి, కళ్లు తుడుచుకొని, వడ్డన చూసిన రోజులు ఆ ఏడులో ఎన్ని వున్నాయో! దేవుడు యిచ్చాడు, దేవుడు తీసుకున్నాడు అనే విశ్వాసం వుంది గనుక తట్టుకుందనుకోవాలి. విశ్వాసం దుఃఖాన్ని మాన్పదు; మర్నాడు లేచి పని చేయడానికి కాలికి బలమిస్తుంది. టీచరమ్మగారిని చూశాక నాకు యీ మాట అనే ధైర్యం వచ్చింది.

మిగిలిన బిడ్డలలో పెద్దవాడు జాన్ క్లార్కు మార్ష్‌మన్. ముత్తాతగారి పేరే పెట్టుకున్నారు. 1818లో వెలువడిన సమాచార్ దర్పణ్ అనే బెంగాలీ పత్రిక యితని చేతిమీదుగా నడిచింది. మన భారతీయ భాషలలో తొలినాటి వార్తాపత్రికలలో అది ముఖ్యమైనది. తల్లిపేరే పెట్టుకున్న హన్నా అనే కూతురు 1829లో హెన్రీ హేవ్‌లాక్ అనే సైనికుణ్ణి పెండ్లాడింది. 1857 చరిత్ర చదివినవారికి ఆ పేరు తెలుసు.

తెలుగువారికి యీ యింటితో యేమి పని అని కొందరు అడగవచ్చు. పని వుంది. 1812 మార్చి 11 సాయంత్రం శ్రీరాంపూరు అచ్చుశాల తగులబడింది. కేరీ ఆ రోజు కలకత్తాలో వున్నాడు. వార్డు కిటికీలు మూయించి మంటలను అణచాలని చూశాడు, సాగలేదు. కాగితం, అచ్చు అక్షరాలు, ఎన్నో భాషల వ్రాతప్రతులు బూడిద అయినాయి. కేరీ తయారుచేసిన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి కూడా ఆ బూడిదలోనే వుంది. మర్నాడు మార్ష్‌మన్ వెళ్లి కేరీకి ఆ కబురు చెప్పవలసివచ్చింది. అదృష్టంకొద్దీ అక్షరాలు పోతపోసే ఉక్కు అచ్చులు దక్కాయి. మళ్లీ పోతపోశారు, మళ్లీ వ్రాశారు. 1814లో ఆ తెలుగు వ్యాకరణం అచ్చయింది. 1818లో తెలుగు కొత్తనిబంధన అచ్చయింది. తెలుగు అచ్చు చరిత్రలో యివి తొలి అడుగులలోనివి. ఆ అచ్చుయంత్రం ఆగకుండా తిరగడానికి ఆధారమైన ఉమ్మడి పెట్టెలో బోర్డింగు బడి డబ్బు వుందిగదా! మన అక్షరాల ఖర్చులో ఆ యిల్లాలి వాటా ఎన్ని అణాలో తెలియదు గాని, వాటా మాత్రం వుంది.

మా బరంపురానికీ ఒక లంకె వుంది. 1822లో బాంప్టన్, పెగ్సు అనే మరొక బాప్టిస్టు శాఖవారు శ్రీరాంపూరు వారి సలహా తీసుకొని కటకం చేరారు. తరువాత బాంప్టన్ గంజాం వైపు వచ్చాడు. 1827 డిసెంబరు 25న యిక్కడ అతనిచేత బాప్తిస్మం పొందిన మొదటి మనిషి ఒక తెలుగు నేతగాడు. ఎరున్ అని ఇంగ్లీషు పుస్తకాలలో వ్రాశారు. దొరల నోట్లో పడి మన పేరు ఎలా మారిందో! అప్పుడు మా జిల్లా మద్రాసు రాజధానిలోనిది. 1936లోగాని ఒరిస్సాలో చేరలేదు. సాలెవాని కోడలు శ్రీరాంపూరులో దాచిన పైసకూ, బరంపురం సాలె వీధికీ మధ్య దారి ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో చూడండి. వారి మతం పుచ్చుకున్నవారూ, పుచ్చుకోనివారూ మనలో వున్నారు. మతాంతరం సంగతిపై ఎవరి అభిప్రాయం వారిది. యిల్లాలి కష్టానికి మాత్రం మతం లేదు.

యిక గుమాస్తాగా నాకు అన్నిటికంటె మనస్సు కలచిన సంగతి చెబుతాను. ఏళ్లతరబడి యిలా పెట్టె నింపిన తరువాత, ఇంగ్లండులో వున్న స్వసంఘంవారిలోనే అనుమానాలు బయలుదేరాయి. శ్రీరాంపూరువారు ఆస్తులు కూడబెట్టారనీ, ముఖ్యంగా మార్ష్‌మన్ కుటుంబం బాగుపడిందనీ పుకార్లు లేచాయి. కొత్తగా వచ్చిన చిన్నవారికీ పాతవారికీ పొసగలేదు. భర్త ఇంగ్లండు వెళ్లి లెక్కలు చెప్పుకోవలసి వచ్చింది. చివరకు 1827లో శ్రీరాంపూరువారూ మాతృసంఘమూ విడిపోయారు. పది సంవత్సరాలకు, 1837లో గాని తిరిగి కలవలేదు. 1,000 పౌన్లు తెచ్చి 34 పౌన్లు వుంచుకున్న యింటిమీద వచ్చిన నింద అది. నిందమోసిన పురుషుడి పేరు చరిత్రలో వుంది. ఆ పదేళ్లూ బడి మూయకుండా నడిపినవారిలో వున్న స్త్రీ పేరు ఆ వాదప్రతివాదాలలో ఎక్కడోగాని కనబడదు.

నింద ఒక్కటే కాదు. 1823లో వార్డు పోయాడు. 1830నుంచీ కలకత్తాలో పెద్ద పెద్ద వర్తక కంపెనీలు వరుసగా దివాలా తీసి ఎందరి సొమ్మో మునిగిపోయింది. శ్రీరాంపూరువారికీ దెబ్బ తగిలింది. 1834 జూన్ 9న కేరీ పోయాడు. 1836లో కొండలమీద లాండౌరులో వుంటున్న కూతురు హన్నా బంగళా అంటుకొని, ఆమె ఒళ్లు కాలి బ్రతికి బయటపడింది గాని చంటిబిడ్డ దక్కలేదు. ఆ కబురుతో తండ్రి క్రుంగిపోయి మళ్లీ కోలుకోలేదు. 1837 డిసెంబరులో జాషువా మార్ష్‌మన్ కన్నుమూశాడు. నలభై ఆరేళ్ల కాపురం ముగిసింది.

అప్పటికి ఆమెకు డెబ్బది ఏళ్లు. ఆ పెద్ద యింట్లో ఒకే బల్లచుట్టూ కూర్చున్న కేరీ, వార్డు, మార్ష్‌మన్ ముగ్గురూ లేరు. ఆమె ఇంగ్లండు వెళ్లిపోలేదు. అదే వూరు, అదే నది, అదే గంట. 1845లో డెన్మార్కువారు శ్రీరాంపూరును ఇంగ్లీషు కంపెనీకి అమ్మేశారు. ఒకనాడు కంపెనీకి భయపడి డేనిష్ జెండా నీడన దిగిన స్త్రీ, ఆ జెండా దిగిపోవడం కూడా చూసింది. 1847 మార్చిలో, ఎనభై నిండడానికి రెండు నెలలుండగా, ఆమె చనిపోయింది. శ్రీరాంపూరు గడ్డమీద నలభై ఏడేళ్లు గడిపింది. 1818లో వారు స్థాపించిన కాలేజీ నేటికీ అక్కడ నడుస్తూ వుంది. 1987లో సునీల్ కుమార్ ఛటర్జీ అనే వంగ రచయిత ఆమెమీద ఒక పుస్తకం వ్రాసి, మన దేశానికి వచ్చిన తొలి స్త్రీ మిషనరీ అని పేరులోనే చెప్పాడు. నూటనలభై ఏళ్లకు ఒక గడి నిండింది.

ఆమె ఒక్కతే యింత చేసిందని అనబోను. ఉమ్మడి యింటిలో తక్కిన స్త్రీలూ చేయి వేశారు. ఆ వంటయింట్లో, ఆ పెరట్లో పనిచేసిన వంగదేశపు పనివారు వుండే వుంటారు. వారి గడులు మరీ ఖాళీ. లోకంలో గొప్ప పని అని మనం అనేది ఏదైనా తీసుకోండి, దాని కింద వెలుగులోకి రాని చేతులు ఎన్నో వుంటాయి.

యీ పాఠమంతా పోయిన ఆదివారం టీచరమ్మగారికి అప్పజెప్పాను. ఆవిడ కళ్లు మూసుకొని విన్నారు. ఒకచోట సంవత్సరం తప్పు చెబితే దిద్దారు కూడా. అంతా అయ్యాక, "యింతకూ నా గడిలో యేమి వ్రాస్తావు?" అన్నారు.

"బడిపంతులమ్మ, ముప్పయి రెండు సంవత్సరాలు అని వ్రాస్తానండీ."

"ముప్పయి మూడు" అన్నారు ఆవిడ. "మొదటి సంవత్సరం జీతం లేకుండా చెప్పాను. అది వదిలెయ్యకు."

వదల్లేదు. ముప్పయి మూడు అనే వ్రాశాను. కొడుకు కూడా చూసి, సిగ్గుపడి, సంతకం పెట్టాడు.

యింటికి వచ్చి కాగితాల కట్ట తిరగవేస్తుంటే నా కాగితం నాకే ఎదురయింది. ఏడో గడిలో నా చక్కని దస్తూరీలో "లేదు" అని వుంది. మా యింటావిడ పదిహేనేళ్లుగా రాత్రి భోజనాలయ్యాక కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. వీధిలో సగంమంది జాకెట్లు ఆమె కుట్టినవే. పెద్దవాడి కాలేజీ జీతం రెండు సంవత్సరాలు అందులోంచే కట్టాం. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. కలం పట్టుకున్నప్పుడు తోచలేదు, అంతే.

ఆమెకు కాగితం చూపించి, "దిద్దుతున్నాను" అన్నాను.

"ఆఫీసులో అయితే యిలాంటి కాగితం తిప్పి పంపుతారు కాబోలు" అంది ఆమె, సూదిలో దారం ఎక్కించుకుంటూ.

అవునన్నాను. మరేమంటాను?

కనుక సంఘ సభ్యులకు నా మనవి. మీ కాగితాలు యింకా నా దగ్గరే వున్నాయి. అచ్చుకు వెళ్లడానికి నెలరోజుల వ్యవధి వుంది. ఏడో గడి ఒకమారు మీ యింట్లోవారిని అడిగి నింపండి. అప్పడాలు వత్తి అమ్మే తల్లి వుంటే ఆ సంగతి వ్రాయండి. దుకాణంలో మీరు భోజనానికి లేచినప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చునే భార్య వుంటే అదీ వ్రాయండి. జీతం లేని సంవత్సరాలు కూడా లెక్కలో చేర్చండి. గడి చాలకపోతే కాగితం వెనక్కు తిప్పి వ్రాయండి. శుద్ధప్రతి వ్రాయడం నా వంతు.